తెలుగు సాహిత్య బోధనలో అంతర్జాల పాఠాలు: పాఠపరిష్కరణ దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

విద్యలో సాంకేతికత వినియోగంపై జరిగిన పరిశోధన ప్రధానంగా ఒక ప్రశ్నకు సమాధానం వెదికింది: పరికరం వచ్చాక విద్యార్థి ఫలితాలు మెరుగుపడ్డాయా? ఆ పరిశోధనలోనే తేలిన మరొక అంశం సాహిత్య బోధనకు ఎక్కువ ఉపయోగపడుతుంది. పరికరం దేని స్థానాన్ని ఆక్రమించింది, దేనికి తోడుగా నిలిచింది అన్నదాన్ని బట్టి ఫలితం మారింది. ఈ దృష్టితో స్నాతకోత్తర స్థాయి తెలుగు బోధనలో అంతర్జాల పాఠాల వాడుకను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వేమన పద్యాలు, బ్రౌన్ నిఘంటువు, పదాన్వేషణ అనే మూడు నిదర్శనాలను తీసుకుని, అంతర్జాల పాఠం పరిష్కృత ప్రతికి బదులుగా నిలిచినప్పుడు విమర్శకు ఆధారం బలహీనపడుతుందనీ, ప్రతికి తోడుగా నిలిచినప్పుడు పూర్వం సాధ్యం కాని పఠనం సాధ్యమవుతుందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అంతర్జాల పాఠం, పాఠపరిష్కరణ, పాఠాంతరం, వేమన, బ్రౌన్ నిఘంటువు, పదాన్వేషణ, వికీసోర్సు, సాహిత్య బోధన.

1. ఉపోద్ఘాతం

ఒకప్పుడు విద్యార్థి ప్రాచీన కావ్యం చదవాలంటే, అది ఏ ముద్రణలో దొరుకుతుందో ముందుగా తెలుసుకోవలసి వచ్చేది. వావిళ్ళవారి ప్రతి, అకాడమీ ప్రతి, ఫలానా విశ్వవిద్యాలయ ప్రచురణ అంటూ గురువులు పుస్తకం పేరును ప్రకాశకుల పేరుతో కలిపి చెప్పేవారు. పీఠిక చదవని విద్యార్థికి కూడా ముఖపత్రం మీద పరిష్కర్త పేరు కంటబడేది. ఇప్పుడు పద్యంలోని తొలి రెండు మూడు పదాలను ఫోనులో టైపు చేస్తే పద్యమంతా తెరపైకి వస్తుంది. అది ఎవరు పరిష్కరించిన పాఠమో, ఏ ప్రతి నుంచి ఎత్తి రాసినదో చాలాసార్లు దానితో పాటు రాదు.

ఈ మార్పుపై మన సదస్సుల్లో చర్చ సాధారణంగా రెండు ధోరణుల్లో సాగుతుంది. గ్రంథాలయం అరచేతిలోకి వచ్చిందన్న హర్షం మొదటిది. పుస్తకం చదివే అలవాటు పోయిందన్న ఆవేదన రెండవది. పైకి ఇవి పరస్పర విరుద్ధాలుగా కనిపించినా, రెండింటికీ ఆధారమైన ఊహ ఒకటే: తెరపైని పాఠం, పుస్తకంలోని పాఠం అభిన్నమని. ఈ వ్యాసం ఆ ఊహనే పరీక్షిస్తుంది. సిద్ధాంత గ్రంథాలలో ఉదాహృత పద్యాలకు ఆకరంగా అంతర్జాలాన్ని మాత్రమే చూపడం సాధారణమవుతున్న తరుణంలో ఇది తెలుగు శాఖలు వాయిదా వేయగల విషయం కాదు.

2. సాంకేతికతపై విద్యా పరిశోధన తేల్చినది

ప్రసార సాధనం స్వయంగా అభ్యసనాన్ని పెంచదని రిచర్డ్ క్లార్క్ 1983లో వాదించారు. ఆయన దృష్టిలో సాధనం సరుకును మోసే వాహనం వంటిది. ఫలితాన్ని నిర్ణయించేది బోధన పద్ధతి. సాధనానికున్న ప్రత్యేక శక్తులను పద్ధతి నుంచి విడదీసి చూడలేమని రాబర్ట్ కోజ్మా తరువాత ప్రతివాదం చేశారు. ఈ వాదం నేటికీ ముగియలేదు. అయితే భారతదేశంలో జరిగిన కొన్ని క్షేత్ర పరిశోధనలు దానికి మరింత నిర్దిష్టమైన రూపమిచ్చాయి.

వడోదరలో నాలుగవ తరగతి పిల్లలకు కంప్యూటరు ద్వారా గణిత సాధన చేయించిన ప్రయోగం ఫలితాలు 2007లో వెలువడ్డాయి. మార్కులు మొదటి ఏడాది 0.35, రెండవ ఏడాది 0.47 ప్రామాణిక విచలనం మేర పెరిగాయి. కార్యక్రమం ముగిసిన ఏడాదికి ఆ లాభంలో ఎక్కువ భాగం కరిగిపోయింది. గుజరాత్‌లోనే లీ లిండెన్ చేసిన పరిశోధన ఇంకా ఆలోచింపజేస్తుంది. 2008 నాటి ఆ అధ్యయనంలో ఒకే రకమైన కంప్యూటరు కార్యక్రమాన్ని రెండు విధాలుగా వాడారు. తరగతి సమయంలో ఉపాధ్యాయుని బోధనకు బదులుగా వాడిన చోట గణిత ఫలితాలు 0.57 ప్రామాణిక విచలనం మేర తగ్గాయి. బడి వేళల తరువాత అదనంగా వాడిన చోట 0.28 మేర పెరిగాయి. ఢిల్లీలో బడి తరువాత నడిచిన కేంద్రాలపై కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనీమియన్ 2019లో ప్రచురించిన అధ్యయనం కూడా గణితంలో 0.37, హిందీలో 0.23 మేర మెరుగుదలను చూపింది. అక్కడ కూడా పరికరం బడి చదువుకు తోడుగానే వచ్చింది.

ఇవన్నీ పాఠశాల స్థాయికి, పరీక్షలో కొలవదగిన నైపుణ్యాలకు సంబంధించినవి. ఈ అంకెలను ఎం.ఏ. తెలుగు తరగతికి అన్వయించడం శాస్త్రీయం కాదు. అన్వయించదగినది వాటి వెనుక ఉన్న ప్రశ్న: కొత్త సాధనం దేనిని తొలగించి ఆ స్థానంలో కూర్చుంది?

సాహిత్యం విషయంలో ఈ ప్రశ్నకు అదనపు పదును ఉంది. భిన్నాల కూడిక కాగితం మీదా తెర మీదా ఒకటే. పద్యం అలా కాదు. ఒక ప్రతిలో ఉన్న పదం మరొక ప్రతిలో ఉండకపోవచ్చు. ఒక పరిష్కర్త ప్రక్షిప్తమని తీసివేసిన పద్యాన్ని మరొకరు మూలంలోనే నిలపవచ్చు. క్లార్క్ ఉపమానం ఇక్కడ సరిపోదు. సాహిత్యంలో వాహనం మారినప్పుడు సరుకు కూడా మారగలదు.

3. తెలుగు పాఠాలు తెరకెక్కిన తీరు

అంతర్జాలంలోని తెలుగు పాఠాలన్నిటినీ ఒకే గాటన కట్టరాదు. అవి మూడు మార్గాల్లో వచ్చాయి. ప్రతి మార్గానికీ దానిదైన నష్టం ఉంది.

మొదటిది మనుషులు టైపు చేసిన పాఠం. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌.టి.ఎస్. లిప్యంతరీకరణ పద్ధతి ద్వారా ప్రవాసాంధ్రులు రోమన్ అక్షరాలతో తెలుగు పద్యాలను కంప్యూటర్లలోకి ఎక్కించారు. ఆ శ్రమ వెనుక ఉన్న భాషాభిమానం మెచ్చదగినది. కానీ ఆనాడు పద్యాన్ని పంచుకోవడమే లక్ష్యం కనుక, ఆకరాన్ని నమోదు చేయడం నియమంగా స్థిరపడలేదు. తరువాత యూనికోడ్ వ్యాప్తిలోకి వచ్చింది. అందులో కూడా తెలుగు వర్ణాలన్నీ ఒకేసారి చేరలేదు. దంత్య చ, జ లను సూచించే ౘ, ౙ అక్షరాలు 2008లోనూ, నకారపొల్లు 2021లోనూ చేరాయి. అరసున్న మొదటి నుంచీ ఉన్నా, టైపు చేసేవారు దానిని తరచుగా వదిలేశారు. అందువల్ల పాత ముద్రణల్లోని లేఖన సంప్రదాయం తెర మీదికి పూర్తిగా రాలేదు.

రెండవది పుటల ఛాయాచిత్రం. భారతీయ డిజిటల్ గ్రంథాలయ పథకం కింద వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు. వాటి నకళ్ళు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభిస్తున్నాయి. ముద్రిత ప్రతికి ఇది అత్యంత సన్నిహితమైన రూపం. అయితే చాలా పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో, నిలకడలేని వర్ణక్రమంతో నమోదయ్యాయి. తెలుగులో వెదికే విద్యార్థికి ఉన్న పుస్తకం కూడా లేనట్లే కనిపిస్తుంది.

మూడవది ఓసీఆర్ అనే అక్షర గుర్తింపు పద్ధతి ద్వారా వచ్చిన పాఠం. యంత్రం పుటను చూసి అక్షరాలుగా మారుస్తుంది. థ-ధ, మ-య వంటి సన్నిహిత రూపాలు తారుమారయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. పాత ముద్రణల్లోని వలపలగిలక తెలుగు తొమ్మిది అంకెను పోలి ఉండడం మరొక చిక్కు. మనిషి దిద్దకుండా ఈ పాఠాన్ని ఉదాహరించడమంటే, ఎవరూ చదవని ప్రూఫును ప్రమాణంగా తీసుకోవడమే.

4. మూడు నిదర్శనాలు

4.1 వేమన పద్యాలు

అంతర్జాలంలో విరివిగా కనిపించే తెలుగు పద్యాలలో వేమనవి ముందుంటాయి. పాఠ సమస్య అత్యంత తీవ్రంగా ఉన్న కవి కూడా ఆయనే. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1829లో ప్రకటించిన సంపుటిలో 693 పద్యాలున్నాయి. పదేళ్ళ తరువాత 1839 ముద్రణలో ఆ సంఖ్య 1164 అయింది. తరువాతి సంకలనాలు వేలలోకి వెళ్ళాయి. ఈ పెరుగుదలలో కొత్తగా దొరికిన ప్రతుల వల్ల వచ్చినదెంత, ఇతరులు అల్లి వేమన మకుటం తగిలించినదెంత అన్నది వేమన పరిశోధనకు మూల సమస్య. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ఉపన్యాసాల నుంచి ఎన్. గోపి పరిశోధన వరకు, ఆ పరిశోధకుడే వెలుగులోకి తెచ్చిన పారిస్ ప్రతి వరకు, వేమన అధ్యయన చరిత్రలో ఈ విచికిత్స ఒక ముఖ్య పాయ.

అంతర్జాలంలోని వేమన పద్యాల పుటల్లో చాలావాటిలో ఈ విచికిత్స కనిపించదు. 1829 సంపుటిలోని పద్యం, ఇరవయ్యవ శతాబ్దపు సంకలనంలో తొలిసారి కనిపించిన పద్యం అక్కడ పక్కపక్కనే సమాన గౌరవంతో ఉంటాయి. విద్యార్థి ఆ రాశి నుంచి పది పద్యాలు ఏరుకుని వేమన కులదృష్టి మీదనో, స్త్రీదృష్టి మీదనో వ్యాసం రాస్తే, అది పద్దెనిమిదవ శతాబ్ది కవిగా పలువురు భావించే ఒక వ్యక్తి ఆలోచనను వివరిస్తోందా, రెండు మూడు శతాబ్దాల జనశ్రుతిని వివరిస్తోందా అన్నది తేలదు. రెండూ అధ్యయనయోగ్యమైనవే, ఒకదాని పేరుతో మరొకదాన్ని చెప్పడమే దోషం. వేమనను సంస్కర్తగా నిలబెట్టేవారూ, ఆయనలో సంప్రదాయ ఛాయలు చూపేవారూ ఇద్దరూ ఈ అనిర్దిష్ట రాశినే ఆశ్రయిస్తే, వారి వాదం ఎన్నటికీ తెగదు. ఇద్దరికీ కావలసిన పద్యం ఎక్కడో ఒకచోట దొరుకుతూనే ఉంటుంది.

అడిగిన భావానికి తగిన పద్యాన్ని యంత్రమే అల్లి ఇచ్చే కాలంలో ఈ ప్రమాదం రెట్టింపవుతుంది. ఇక్కడ ఛందస్సు తొలి పరీక్షగా ఉపకరిస్తుంది. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, సరి పాదాల్లో అయిదు సూర్యగణాలు లేని ఆటవెలది వెంటనే పట్టుబడుతుంది. కానీ గణాలు కుదిరినంత మాత్రాన పద్యం వేమనది కాదు. చివరి పరీక్ష ప్రతియే.

4.2 బ్రౌన్ నిఘంటువు

రెండవ నిదర్శనం మరింత సూక్ష్మమైనది. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. ఆయన 1884లో మరణించారు. వెంకటరత్నం, క్యాంప్‌బెల్, కందుకూరి వీరేశలింగం పంతులు దానిని పరిష్కరించి రూపొందించిన రెండవ ముద్రణ 1903లో వచ్చింది. షికాగో విశ్వవిద్యాలయపు దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయంలో అందుబాటులో ఉన్నది ఈ రెండవ ముద్రణ. ఆ విషయాన్ని గ్రంథాలయం స్పష్టంగానే పేర్కొంది. అయినా విద్యార్థి చేతిలోకి వచ్చేసరికి అది కేవలం ‘బ్రౌన్ నిఘంటువు’ అవుతుంది. వ్యాసంలోకి ఎక్కేసరికి పందొమ్మిదో శతాబ్ది మధ్యభాగపు సాక్ష్యమవుతుంది.

పదార్థ చరిత్రను పరిశీలించేవారికి ఈ అర్ధశతాబ్దపు తేడా చిన్నది కాదు. ఆ యాభై ఏళ్ళలోనే తెలుగులో వచన రచన, పత్రికలు, నవల ఎదిగాయి. ఒక అర్థం 1852 నాటికే వాడుకలో ఉందని చెప్పదలచినవారు మొదటి ముద్రణలో దానిని చూపాలి. 1903 ప్రతిలో మాత్రమే కనిపించే అర్థాన్ని బ్రౌన్‌కు ఆపాదిస్తే, పరిష్కర్తల కృషినీ బ్రౌన్ కృషినీ ఒకేసారి తప్పుగా చూపినట్లవుతుంది.

అనేక నిఘంటువులను ఒకే అన్వేషణలో చూపే సౌకర్యం వచ్చాక ఈ కాలసంకరం ఇంకా సులువైంది. బ్రౌన్ తరువాత, 1885లో వచ్చిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం, 1936లో తొలి సంపుటం వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ఒకే తెరపై వరుసగా కనిపిస్తాయి. వాటిని పోల్చి చూడగలగడం గొప్ప లాభం. కానీ అవి ఒకే కాలానికి చెందినవన్న భ్రమ కలిగితే ఆ పోలికకు అర్థం ఉండదు.

4.3 పదాన్వేషణ

ఒక కావ్యంలో ఒక పదం ఎన్నిసార్లు వచ్చిందో క్షణంలో లెక్కించగలమన్నది డిజిటల్ పాఠానికి చెప్పే ప్రధాన ప్రయోజనం. తెలుగు విషయంలో ఈ మాటను పరిమితులతో చెప్పాలి. సాధారణ అన్వేషణ అక్షరాల వరుసను పోలుస్తుంది. దానికి వ్యాకరణం తెలియదు. ‘మొగ్గలు పూచె’ అన్న కల్పిత వాక్యాన్ని తీసుకుందాం. పద్యంలో గసడదవాదేశం జరిగితే అది ‘మొగ్గలు వూచె’ అవుతుంది. ‘పూచె’ కోసం వెదికినవారికి అది దొరకదు. ‘వనమునఁ దిరిగె’ అన్నచోట సరళాదేశం వల్ల ‘తిరిగె’ చిక్కదు. ‘ఎప్పుడు’ కోసం వెదికితే ‘రాముఁడెప్పుడు’లో అచ్చు కలిసిపోయి తప్పించుకుంటుంది. ‘ఇల్లు’ అని వెదికితే ‘ఇంట’, ‘ఇండ్లు’ రావు. శకటరేఫను వదిలిన పాఠంలో నది అనే అర్థం గల ‘ఏఱు’, ఎంచి తీయడమనే అర్థం గల ‘ఏరు’ కలిసిపోతాయి. అరసున్న వదిలితే కాలాన్ని చెప్పే ‘నాఁడు’, దేశాన్ని చెప్పే ‘నాడు’ ఒకటవుతాయి.

కాబట్టి ‘ఈ కవి ఈ పదాన్ని వాడలేదు’ అన్న నిర్ణయానికి శూన్య ఫలితం ఆధారం కాజాలదు. ఏ పదం ఏయే రూపాల్లో దాగి ఉండగలదో ముందుగా ఊహించి, ఆ రూపాలన్నిటినీ వెదికినవారికే అన్వేషణ ఫలిస్తుంది. ఆ ఊహ 1858లో వచ్చిన చిన్నయసూరి బాలవ్యాకరణం వంటి శాస్త్రాన్ని చదివినవారికే సాధ్యం. అన్వేషణ సౌకర్యం వల్ల వ్యాకరణ బోధన అవసరం తగ్గుతుందని కొందరు భావిస్తారు. నిజానికి ఆ సౌకర్యం వ్యాకరణానికి ఒక కొత్త ప్రయోజనాన్ని కల్పించింది. సంధి ప్రకరణాన్ని సూత్రాల పట్టికగా చెప్పకుండా, ఒక పదాన్ని కావ్యమంతటా వెదికి పట్టే సాధనంగా చెబితే విద్యార్థికి దాని అవసరం ప్రత్యక్షమవుతుంది.

5. అందుబాటు అనే వాదం

పై విమర్శకు ఒక బలమైన ఆక్షేపణ ఉంది. పరిష్కృత ముద్రణలు ఎందరికి అందుతాయి? ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలువరించిన ఆంధ్రమహాభారత సంశోధిత ముద్రణ వంటి గ్రంథాలు అన్ని కళాశాలల్లోనూ ఉండవు. చిన్న పట్టణంలో, పుస్తకాల బీరువాకు తాళం వేసిన కళాశాలలో చదివే విద్యార్థికి తెరపైని పద్యమే ఏకైక పద్యం. ప్రతి గురించి పట్టుబట్టడం నగరంలోని పెద్ద గ్రంథాలయానికి దగ్గరగా ఉన్నవారి విలాసం కాదా?

ఆక్షేపణలో న్యాయముంది. అంతర్జాలం వల్ల జరిగిన మేలును తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే ఈ వాదాన్ని చివరిదాకా నడిపిస్తే అది వేరొక నిర్ణయానికి చేరుతుంది. పుటల ఛాయాచిత్రాలు అదే ఫోనులో, అదే ఖర్చుతో దొరుకుతున్నాయి. అవి ముఖపత్రంతో, పీఠికతో, అధోజ్ఞాపికలతో వస్తాయి. బీద విద్యార్థికి ఆకరంలేని పద్యం చాలునని, సంపన్న విద్యార్థికి పరిష్కృత ప్రతి కావాలని ఒప్పుకోవడమే అసలైన అసమానత. ఇప్పుడు అడ్డుగా ఉన్నది కేవలం ప్రతి కొరత కాదు. ప్రతిని వెదికే పద్ధతిని, చూడవలసిన అవసరాన్ని మనం బోధించకపోవడం కూడా.

6. తరగతిలో చేయదగినది

లిండెన్ అధ్యయనం సూచించిన ‘తోడు’ అన్న భావాన్ని తెలుగు తరగతిలో ఆచరణలో పెట్టడానికి ఖరీదైన ఏర్పాట్లు అక్కరలేదు. 2005లో మొదలైన తెలుగు వికీసోర్సు పనితీరు ఇందుకు మంచి నమూనా. అక్కడ స్కాన్ చేసిన పుట ఒక పక్క, దాని పాఠం మరొక పక్క కనిపిస్తాయి. దిద్దని పుటకు ఎరుపు, ఒకరు దిద్దిన పుటకు పసుపు, మరొకరు సరిచూసి ఆమోదించిన పుటకు ఆకుపచ్చ రంగు గుర్తుగా ఉంటుంది. దిద్దినవారే ఆమోదించడానికి వీలులేదు. పాఠం ఎంతవరకు నమ్మదగినదో పాఠమే చెబుతుంది.

ఎం.ఏ. మొదటి సంవత్సర విద్యార్థులు ఒక్కొక్కరూ ఒక ప్రాచీన గ్రంథంలో పది పుటలు దిద్దడం, ఒకరి పుటలను మరొకరు సరిచూడడం ఒక అభ్యాసంగా పెట్టవచ్చు. అరసున్న ఎక్కడ ఉంది, శకటరేఫ ఎందుకు వచ్చింది, యతి చెడిందంటే లోపం యంత్రానిదా, అచ్చుదా, కవిదా అన్న ప్రశ్నలు ఆ పనిలోనే పుడతాయి. బ్రౌన్ కడపలో పండితులను కూర్చోబెట్టి తాళపత్ర, కాగితపు ప్రతులను పోల్పించి, శుద్ధప్రతులు రాయించిన కృషికి ఇది చిన్న పరిమాణంలో కొనసాగింపు. సాధనం మారింది, పని స్వభావం మారలేదు.

దీనికి తోడు రెండు నియమాలు అవసరం. వ్యాసంలో ఉదాహరించే ప్రతి పద్యానికీ ముద్రణ పేరు, సంవత్సరం, పుట సంఖ్య ఇవ్వాలి; తెరపై చదివినా సరే, అది ఏ ముద్రణకు ప్రతిబింబమో చెప్పాలి. పదాల లెక్కలపై ఆధారపడే పరిశోధనలో ఏయే రూపాలను వెదికారో జాబితాగా చూపాలి. సిద్ధాంత గ్రంథాలను శోధ్‌గంగలో అందరికీ అందుబాటులో ఉంచుతున్న ఈ కాలంలో, ఒక గ్రంథంలోని నిరాకర పద్యం మరొక గ్రంథానికి ఆకరమయ్యే ప్రమాదం ఉంది. దానిని ఆపగలవారు పర్యవేక్షకులు, పరీక్షకులే.

7. ముగింపు

పై పరిశీలన నుంచి ఈ అంశాలు తేలుతున్నాయి.

• విద్యలో సాంకేతికత గురించి అడగవలసిన తొలి ప్రశ్న అది ఉపయోగకరమా కాదా అన్నది కాదు. అది దేనికి బదులుగా వచ్చింది అన్నది.

• తెలుగు సాహిత్య బోధనలో ఆకరంలేని అంతర్జాల పాఠం తొలగిస్తున్నది పరిష్కర్తను. పరిష్కర్తతో పాటు పాఠాంతరం, ప్రక్షిప్త విచారణ, కాలనిర్ణయం కూడా విద్యార్థి దృష్టి నుంచి తొలగుతున్నాయి.

• వేమన విషయంలో ఇది కర్తృత్వ సమస్యగా, బ్రౌన్ నిఘంటువు విషయంలో కాలసంకరంగా, పదాన్వేషణ విషయంలో తప్పుడు లెక్కగా బయటపడుతోంది.

• పుటల ఛాయాచిత్రాన్ని, దిద్దిన పాఠాన్ని జతగా చూపే పద్ధతి ఈ నష్టాన్ని చాలావరకు పూడుస్తుంది. దానిని ఉపయోగించడానికి వ్యాకరణ, ఛందో జ్ఞానం పూర్వంకన్నా ఎక్కువ అవసరం.

విమర్శకుడు పద్యానికి ఎంత లోతైన వ్యాఖ్యానం చెప్పినా, ఆ పద్యం ఆ కవిదేనా, ఆ పదం ఆ పద్యంలోదేనా అన్న ప్రశ్నకు సమాధానం లేకపోతే ఆ వ్యాఖ్యానం నిలవదు. గ్రంథాలయంలో పుస్తకం తెరిచిన కాలంలో ఆ ప్రశ్నకు సమాధానం ముఖపత్రం మీదనే మొదలయ్యేది. ఇప్పుడు దానిని వెదికి తెచ్చుకోవాలి. ఆ వెదుకులాటను పాఠ్యప్రణాళికలో భాగం చేయడం తెలుగు శాఖల తక్షణ కర్తవ్యం.